దోన్యా కాస్కరా యజమానులు

పుంతా అరేనాస్, జూన్

నెలిదా,

ఫోన్ చెయ్యొద్దన్నావు, చెయ్యను. నా గొంతు వింటే మన అల్మెండ్ర నవ్వు గుర్తొస్తోందని శ్మశానం గేటు దగ్గరే చెప్పావు. నవ్వు ఒక్కటే దానికి నా నుంచి వచ్చింది, మిగతా పొగరంతా నీదే. అందుకని ఈ ఉత్తరం. పడవల ఇంజన్లు విప్పి బిగించుకునేవాడి రాత ఇది, తప్పులుంటే సర్దుకుని చదువు.

విషయం గురువారం ఆట గురించి. నువ్వు ఎప్పుడూ ఆడలేదు కానీ గోడ అవతల కూర్చుని ఏళ్ళ తరబడి విన్నావు. మన వంటింటి బల్ల మీద పాచికలతో మొదలైన ఆట. మనం విడిపోయి నేను ఇంత దక్షిణానికి వచ్చేశాక దాన్ని కంప్యూటర్ తెర మీదకి మార్చాం. నాకూ నా కూతురికీ వారానికొక సాయంత్రం మిగిలిందంటే ఆ ఆట పుణ్యమే. నేను సూత్రధారిని. ఊళ్ళూ, దొంగలూ, గాలివానలూ నావి. దాని స్నేహితులు, ఆ పిల్లలు ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. బల్తసార్ ఒక పిరికి సిపాయి, నాచా ఒక మూలికల మంత్రగత్తె. మన అల్మెండ్ర సంగతి నీకు తెలిసిందే. డెబ్భై ఏళ్ళ పడవ ముసలమ్మ, దోన్యా కాస్కరా. ఒంటి పన్ను, నోట్లో పైపు, ఎవరు ఎదురొచ్చినా తిట్లు. పంతొమ్మిదేళ్ళ పిల్ల నోట్లోంచి ఆ బొంగురు గొంతు వస్తుంటే నేను కథ నడపడం మానేసి నవ్వుతూ కూర్చునేవాణ్ణి.

మార్చిలో ఆ చివరి గురువారం ముసలమ్మని రేవు మెట్ల మీద నిలబెట్టి, "రేపు పొద్దున్నే ఏరు దాటిస్తా, ఇప్పుడు పోయి పడుకోండి దరిద్రుల్లారా" అని ఆట ముగించింది. ఆ శనివారమే సైకిలెక్కి బయటికి వెళ్ళింది. అది మళ్ళీ రాయను. ముసలమ్మ ఇంకా ఆ మెట్ల మీదే ఉంది.

పిల్లలు మళ్ళీ మొదలుపెడదామంటున్నారు. ముసలమ్మని మర్యాదగా సాగనంపాలని వాళ్ళ కోరిక. మా బల్ల దగ్గర మొదట్నుంచీ ఒక కట్టుబాటు ఉంది: ఏ పాత్రా దాని యజమాని నోటిమాట లేకుండా చావదు. యజమాని ఆటకి రాని రోజున ఆ పాత్ర ఒంటి మీద గీత కూడా పడనివ్వం. యజమాని అంటే ఆ పాత్ర బొమ్మని తెర మీది పటంలో కదిపే హక్కు ఉన్న మనిషి. ఆ పేర్లు కంప్యూటర్‌లో రాసి ఉంటాయి. అక్కడ అల్మెండ్ర పేరు ఉంది. దాన్ని చెరపలేదు, దాని కింద నీ పేరు చేర్చాను. లోపలికి ఎలా వెళ్ళాలో బల్తసార్ ఇంటికొచ్చి చూపిస్తాడు.

నీ మాట కావాలి నెలిదా. తొందరేం లేదు.

ఎలిసెయో


వాల్దివియా, జూన్

ఎలిసెయో,

వద్దు.

ఇంతే రాసి పంపుదామనుకున్నాను. కానీ నిన్న బల్తసార్ వానలో తడిసి ముద్దయి వచ్చాడు. దాని గదిలోకి వెళ్ళడానికి ఇద్దరం ఒకరి వెనక ఒకరం నక్కాం. చివరికి కంప్యూటర్నే వంటింట్లోకి తెచ్చుకున్నాం.

"అత్తా, ఈ బాణం గుర్తుని ముసలమ్మ మీద పెట్టి నొక్కి పట్టుకోండి."

"పట్టుకుంటే?"

"కదుల్తుంది."

"కదపను."

"కదపొద్దులే అత్తా. ఎలాగో ఊరికే చెప్తున్నా."

వేడివేడిగా వేయించిన సొపైపియాలు ముందు పెడితే ఒక్కటీ మిగల్చకుండా తిని, చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, నల్లా తిప్పి ఏడ్చాడు. నీళ్ళ చప్పుడులో వినబడదనుకున్నాడు వెర్రినాగన్న.

నువ్వేమో మర్యాదగా సాగనంపడం అంటున్నావు. ఆసుపత్రిలో నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు ఎలిసెయో. దాని ఊపిరి యంత్రం ఆపడానికి. నువ్వప్పుడు విమానంలో ఉన్నావు. ఎవరో నర్సు తన కలం ఇచ్చింది, నేను పెట్టాను. ఇప్పుడు మళ్ళీ నన్నే అడుగుతున్నావు. ఆటలోనైనా సరే, దాన్ని చంపడానికి నా మాట రెండోసారి దొరకదు.

ఆ బొమ్మని ఇంకెవరెవరు ముట్టుకోగలరు? ముందు అది చెప్పు.

నెలిదా


పుంతా అరేనాస్, జూలై

నెలిదా,

నువ్వా కాగితం మీద సంతకం పెట్టిన రోజు నాకు శాంతియాగోలో విమానం మారాల్సొచ్చింది. అక్కడ కుర్చీలో కూర్చుని నేనేం చేశానో తెలుసా, శాండ్‌విచ్ తిన్నాను. ఆకలేసింది.

నువ్వడిగినదానికి జవాబు. హక్కులు మూడు రకాలు. ఏ హక్కూ లేనివాళ్ళకి ముసలమ్మ గురించి ఏమీ తెలీదు, ఎదురుపడితే బొమ్మ కనబడుతుంది, అంతే. చూసే హక్కు ఉన్నవాళ్ళు ఆవిడ కళ్ళతో పటాన్ని చూడగలరు, కానీ ఆవిణ్ణి కదపలేరు. యజమానులు కదపగలరు, మాట్లాడించగలరు. నీకిచ్చింది ఆ పై హక్కు.

లోపలికి వెళ్ళినప్పుడు రేవు మెట్ల చుట్టూ కొంచెం మేర కనబడి, మిగతాదంతా నల్లగా ఉంటుంది. చెడిపోయిందనుకుని కంప్యూటర్‌ని కొట్టకు. ముసలమ్మ చూపు ఎంతవరకు ఆనుతుందో నీకూ అంతే. ఆవిడ చూడని చోటు నీకూ లేదు. కుడికన్ను మసక కూడాను, అది అల్మెండ్ర కావాలని పెట్టుకున్నదే. "ముసలాళ్ళకి అన్నీ బాగుంటే ఇంక తిట్టేందుకేముంటుంది నాన్నా" అంది.

పిల్లల్లో ఎవరూ ముసలమ్మ మీద చెయ్యి వెయ్యలేరు. ఆట మొదలెట్టాం కానీ ఆవిడ జోలికి వెళ్ళం. నీ మాట వద్దంటే వద్దే.

ఇక్కడ గాలి మనుషుల్ని స్తంభాలు పట్టుకునేలా చేస్తోంది. తింటున్నావా? రొట్టెల దుకాణంలో తెల్లారే షిఫ్టు ఇంకా నీదేనా?

ఎలిసెయో


వాల్దివియా, ఆగస్టు

ఎలిసెయో,

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు.

నేను రోజూ వెళ్తున్నాను. నీకు చెప్పలేదు. దుకాణం నుంచి వచ్చి, ఏప్రన్ కూడా విప్పకుండా తెరుస్తాను. ముసలమ్మ మెట్ల మీద ఉంటుంది, వాన పడుతూ ఉంటుంది, కాసేపు చూసి మూసేస్తాను. నాకు అంతే కావాలి. దాని గది తలుపు తెరవలేను కానీ ఇది తెరవగలను.

ఈ మంగళవారం తెరిస్తే మెట్లు లేవు. ముసలమ్మ ఒక వంటింట్లో ఉంది. పొయ్యి మండుతోంది, పక్కన పిల్లి. నేను కదపలేదు. పిల్లలకి హక్కు లేదని నువ్వే రాశావు. ఇక ఆ జాబితాలో నా పేరు కాక మిగిలింది ఒక్క పేరే.

పిచ్చిదాన్నని తెలుసు నాకు. ఆ మట్టి నేనే వేశాను, నా గోళ్ళలో ఉండిపోయింది. అయినా కుర్చీలోంచి లేచి, "అల్మెండ్రా!" అని గట్టిగా పిలిచాను. పక్కింటి సెన్యోర పరిగెత్తుకొచ్చి తలుపు కొట్టింది. ఆ పిలుపుకీ ఆవిడ తలుపు కొట్టడానికీ మధ్య కాసేపు నాకు కూతురుంది ఎలిసెయో. నిజంగా ఉంది. వచ్చింది, చలేసి పొయ్యి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

తర్వాత మళ్ళీ చచ్చిపోయింది. ఆసుపత్రిలో ఒకసారి, నా వంటింట్లో ఒకసారి.

ఎవరు కదిపారు? అబద్ధం రాశావో, నీ మొహం చూడను.

నెలిదా


పుంతా అరేనాస్, ఆగస్టు

నెలిదా,

నేనే.

సూత్రధారికి ఏ జాబితాలోనూ పేరు అక్కర్లేదు. లోకం వాడిది కాబట్టి అన్ని బొమ్మలూ వాడి చేతికి అందుతాయి. నువ్వడిగినప్పుడు ఆ సంగతి రాయలేదు. నువ్వు కూడా రోజూ వెళ్తావని నాకేం తెలుసు? మౌస్ పట్టుకోవడమే ఇష్టం లేని మనిషివి, ఎప్పుడో ఒకసారి తెరుస్తావనుకున్నాను.

షెడ్డులో మధ్యాహ్నం భోజనం వేళ తెరుచుకుని చూస్తుంటాను. ఏప్రిల్ నుంచీ. వానలో నిలబడి ఉంటుంది. ఆ రోజు బయట ఇక్కడా మంచు కురుస్తోంది, నా వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి, ఆవిడ శాలువా లేకుండా ఆ మెట్ల మీద ఉంది. ఇక చూడలేక సత్రం వంటింట్లోకి తీసుకెళ్ళాను. సాయంత్రం పని దిగే ముందు మళ్ళీ మెట్ల మీద పెట్టేద్దామనుకున్నాను. అంతలో ఒక ట్రాలర్ ఇంజన్ మొరాయించింది, మర్చిపోయాను. చాలాసార్లు తీసుకెళ్ళాను నెలిదా, తిరిగి పెట్టడం మర్చిపోయింది ఆ ఒక్కరోజే.

వాన ఆపొచ్చు కదా అంటావు. ఆపొచ్చు, ఒక్క మీట నొక్కితే చాలు. కానీ ఆ వాన అది ఉన్నప్పుడు మొదలైంది. "నాన్నా, ఇంకొంచెం గట్టిగా కురిపించు, వీళ్ళు తడవాలి" అని అదే అడిగింది. ఆపబుద్ధి కాలేదు.

నిన్ను అంత ఏడిపించాక ఆ హక్కు నా చేతిలో ఉండటం నాకే అసహ్యంగా ఉంది. ముసలమ్మని మళ్ళీ మెట్ల మీద పెట్టి, ఈ రోజే సూత్రధారి పీఠం బల్తసార్‌కి అప్పగించేశాను. వాడు నాలుగుసార్లు "ఆలోచించుకోండి మావయ్యా" అన్నాడు. నేను ఇప్పుడు మామూలు ఆటగాణ్ణి. బల్తసార్ చేత దాని పేరు మీద ఒట్టు వేయించుకున్నాను, ముసలమ్మని ముట్టనని. ఇక నువ్వు ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది.

ఎలిసెయో


పుంతా అరేనాస్, సెప్టెంబరు

నెలిదా,

నేనొక గాడిదని. ఇది నువ్వు పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టావు.

పీఠం దిగిపోయిన మర్నాడు భోజనం వేళకి తెరిస్తే తెర నల్లగా ఉంది. కరెంటు పోయిందనుకున్నాను. నెట్ పోయిందనుకున్నాను. ఆపి మళ్ళీ తెరిచాను. నలుపే. ఒక మూల నుంచి ఇంకో మూలకి నలుపు.

నీకు పాఠం చెప్పిన పెద్దమనిషిని నేనే కదా, ముసలమ్మ చూడని చోటు నీకూ లేదని. అంటే ఏ పాత్ర మీదా హక్కు లేనివాడికి అసలేదీ కనబడదు. ముసలమ్మని తయారుచేసింది అల్మెండ్ర, కాబట్టి దాని పేరు పడింది. తర్వాత నీ పేరు నేను వేశాను. నాకు అన్నీ కనబడుతూనే ఉండేవి కాబట్టి నా పేరు వేసుకోవాలన్న ఆలోచనే ఇన్నేళ్ళలో రాలేదు. ఆ లోకంలో ప్రతి రాయీ నేను పెట్టిందే. ఇప్పుడు అందులో నాదంటూ ఒక్క బొమ్మ లేదు, చూడ్డానికి ఒక కన్ను లేదు.

బల్తసార్ "ఒక్క క్షణం పని మావయ్యా, మీ పేరు చేర్చేస్తా" అన్నాడు. వద్దన్నాను. యజమాని మాట లేకుండా ముసలమ్మ మీద ఏదీ జరగదని వాళ్ళకి నేర్పింది నేనే. "పోనీ గురువారం వచ్చి మా మాటలైనా వినండి" అన్నాడు. చీకట్లో కూర్చుని ఆ పిల్లల గొంతుల్లో లేని గొంతు కోసం వెతుక్కోవడం నా వల్ల కాదు.

కదిపే హక్కు అడగను. చూసే హక్కు చాలు. నీ ఇష్టమైతేనే.

ఇక్కడ పద్దెనిమిదో తేదీ స్వాతంత్ర్యం పండగకి జెండాలు కట్టేశారు. షెడ్డులో అందరూ మాంసం కూరిన ఎంపనాదాలు తెచ్చారు. నేను కడుపునొప్పని చెప్పి ఇంటికొచ్చేశాను.

ఎలిసెయో


వాల్దివియా, అక్టోబరు

ఎలిసెయో,

నీ ఉత్తరం చదివి నవ్వాను. సంతకం పెట్టిన రోజు నేను కూర్చున్న చీకటి ఎలా ఉంటుందో నువ్వూ కూర్చుని చూడు అనుకున్నాను. కావాలనే జవాబు రాయలేదు. పండగ వెళ్ళింది, రాయలేదు. నువ్వు మళ్ళీ అడుగుతావేమోనని చూశాను. అడగలేదు. నీ మొండితనం నాకు తెలిసి కూడా ఎదురుచూశాను.

ఈ మధ్యలో ఇంకో పని చేశాను. గురువారాలు ఆటలోకి వెళ్తున్నాను. మాట్లాడను, వింటాను. మొదటిసారి వెళ్ళినప్పుడు నాచా అంది, "దోన్యా కాస్కరా నిద్రపోతోంది, మెల్లగా నడవండి." అందరూ తమ బొమ్మల్ని ముసలమ్మ పక్కనుంచి ఒక్కో గడీ, ఒక్కో గడీ జరుపుకుంటూ వెళ్ళారు. తెర మీద బొమ్మలకి అడుగుల చప్పుడుంటుందా, పిచ్చి పిల్లలు. ప్రతి గురువారమూ అంతే. నాకు బాగుండేది.

నాకు ఆట తెలీదు కాబట్టి పోయిన వారం దాకా అర్థం కాలేదు. వాళ్ళు ఏరు దాటాలి. కథంతా అవతలి ఒడ్డున ఉంది. దాటించగల పడవ ముసలమ్మది ఒక్కటే. ఆవిడ కదలదు, ఎందుకంటే నేను కదపను. అందుకని ఈ పిల్లలు నెలల తరబడి ఒకే రేవులో తిరుగుతున్నారు. తప్పిపోయిన మేకని వెతుకుతారు. సత్రం పైకప్పు బాగుచేస్తారు. మొన్న గురువారమంతా బల్తసార్ వాళ్ళ చేత చేపలు తోమించాడు. చేపలు, ఎలిసెయో! పెద్ద చదువులు చదువుతున్న పిల్లలు, పరీక్షలు పెట్టుకుని, లేని చేపలకి పొలుసులు తీస్తూ కూర్చున్నారు. ఎవరో కుర్రాడు విసుగొచ్చి, "మనం వంతెన కట్టుకుంటే?" అన్నాడు. నాచా గయ్యిమంది, "నోర్ముయ్. ముసలమ్మ దాటిస్తానంది, దాటిస్తుంది." నేను వింటున్నానని తెలిసే అంది.

కంప్యూటర్ మూసి, పిండి కలిపే బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. నా కోసం వాళ్ళ ఆటని వాళ్ళే పాడుచేసుకుంటున్నారు.

నేను ఎందుకు వద్దన్నానో నీకు చెప్పాలి. నా కూతురు ఎప్పటికీ ముసలిది కాదు. దాని జుట్టు నెరవదు, దాని మోకాళ్ళు నొప్పెట్టవు, నా లాగా చీకటితో లేచి గొణుక్కోదు. దానికి దక్కిన ముసలితనమంతా ఆ ఒంటిపన్ను దానిలోనే ఉంది. అది తనే చేసుకుంది, తన చేత్తో, ఎంత ఇష్టంగా. దాన్ని కూడా చంపమంటే నేనెలా ఒప్పుకుంటాను?

కానీ ఒకటి కూడా నిజమే. ముసలమ్మ వాళ్ళకి మాటిచ్చింది. రేపు పొద్దున్నే దాటిస్తానంది.

బల్తసార్‌తో చెప్పాను, నీ పేరు నా పేరు కింద చేర్చమని. చూసే హక్కు కాదు, యజమానిగా. వచ్చే గురువారం రా. నేనొక్కదాన్నే ఆ మాట అనాల్సి వస్తే అనను.

నెలిదా


పుంతా అరేనాస్, నవంబరు

నెలిదా,

తెర వెలిగింది. మెట్లు, వాన, పడవ. ముసలమ్మ ఎడం చేతివైపు చూపు ఎక్కువ ఆనుతోంది, కుడివైపు మసక. ఇన్నాళ్ళూ పైనుంచి అంతా చూసినవాణ్ణి, దాని కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి.

వస్తాను. బల్తసార్ పద్ధతి ప్రకారం యజమానుల్ని పేరుపేరునా అడుగుతాడు. కాదనాలనిపిస్తే కాదని చెప్పు. నేను నీ మీద కోపగించుకోను.

ఎలిసెయో


వాల్దివియా, నవంబరు

ఎలిసెయో,

నువ్వు అక్కడే ఉన్నావు, అంతా చూశావు. అయినా రాస్తున్నాను, ఎందుకో చివర్లో చెప్తాను.

పిల్లలందరూ పడవెక్కి కూర్చున్నాక నేను బాణం గుర్తుని ముసలమ్మ మీద పెట్టాను. వేలితో నొక్కలేకపోయాను. అప్పుడు ఆవిడ తనంతట తను ఒక గడీ జరిగింది. ఈసారి నేను ఎవరినీ పిలవలేదు. నువ్వని తెలుసు. తర్వాతి గడీ నేను జరిపాను. ఆ తర్వాతిది నువ్వు. అనుకోలేదు, చెప్పుకోలేదు, అలా ఒకరి తర్వాత ఒకరం ఏరంతా దాటించాం. కాపురం చేసిన రోజుల్లో మనిద్దరం కలిసి ఒక సోఫా కూడా పోట్లాడుకోకుండా ఇంట్లోకి తేలేదు.

అవతలి ఒడ్డున పిల్లలు దిగారు. నాచా, "దోన్యా, మాతో రావా?" అంది. ముసలమ్మ చేత ఎవరు మాట్లాడిస్తారా అని అందరూ ఆగారు. నేను రాశాను. తెర మీద ముసలమ్మ పేరుతో పడింది: "నాకు పనుంది. పొండి దరిద్రుల్లారా." బాగుందా? దానిలా వచ్చిందా? వాళ్ళు నవ్వారు, ఆ నవ్వు మధ్యలోనే నాచా ఏడ్చేసింది.

తిరిగి వస్తుంటే వెనక ఒడ్డు మీద పిల్లల బొమ్మలు ఒక్కొక్కటే ముసలమ్మ చూపు దాటి మాయమయ్యాయి. నీకూ నాకూ నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఏటి మధ్యలో బల్తసార్ ఆపాడు. "యజమానులు మాట ఇవ్వాలి" అని, పేర్లు చదివాడు. జాబితాలో ఉన్న వరసలోనే చదివాడు.

"అల్మెండ్ర."

వాడు జవాబు కోసం ఆగాడు. మామూలుగా ఎంతసేపు ఆగుతారో అంతసేపూ ఆగాడు. ఆట అయ్యాక నాతో అన్నాడు, "పేరు ఉంది కదత్తా, దాటెయ్యలేకపోయాను." మంచిపని చేశాడు. చదవకపోతే వాణ్ణి క్షమించేదాన్ని కాదు.

రెండో పేరు నాది. ఆ నర్సు ఇచ్చిన కలం చేతిలో ఉన్నట్టే అనిపించింది. అప్పుడు నువ్వు నీ వంతు రాకుండానే, "సరే, వెళ్ళనివ్వండి" అన్నావు. ఇన్ని నెలల తర్వాత నీ గొంతు విన్నాను. నీ మాట ముందు పడింది కాబట్టి నేను "సరే" అనగలిగాను. అందుకు నీకు రుణపడి ఉన్నాను. అంత తొందరగా అన్నందుకు నీ మీద పీకల దాకా కోపం కూడా ఉంది. రెండూ నిజమే, ఏది ముందో నన్నడక్కు.

తర్వాత పడవ లేదు, ముసలమ్మ లేదు. మనిద్దరికీ ఇంక ఏమీ కనబడలేదు.

నువ్వు మైకు ఆపడం మర్చిపోయావు ఎలిసెయో. ఏడ్చావు. చాలాసేపు. ఆట ఆడుతున్న పిల్లలందరూ విన్నారు, ఎవరూ నీకు చెప్పలేదు, ఎవరూ వెళ్ళిపోలేదు. చివరికి నాచా మెల్లగా అంది, "అత్తా, మీరే ఏదైనా చెప్పండి మావయ్యకి."

నేను మైకు నొక్కాను. ఆ నొక్కిన చప్పుడు నువ్వు వినే ఉంటావు. కానీ ఏమీ అనలేదు. ఎందుకు అనలేదో చెప్పడానికే ఈ ఉత్తరం. ఆ ఇంట్లో మనం పోట్లాడుకున్న రోజుల్లో, గొంతులు లేచినప్పుడల్లా, నువ్వు తలుపు కొట్టినా, నేను గిన్నె విసిరినా, ఇద్దర్లో ఎవరో ఒకరం దాని గది వైపు చూసి ఒకే మాట అనేవాళ్ళం. అనగానే ఇద్దరం గొంతు తగ్గించేవాళ్ళం.

నా నోటికి అదే మాట వచ్చింది. "మెల్లగా, పిల్ల వింటుంది."

నెలిదా